తలసరి ఆదాయం ఒకటే, ఆయుష్షులో 15 ఏళ్ల తేడా ఎందుకు?

"జీడీపీలో ఫలానా దేశాన్ని దాటేశాం" అనే వార్త మన ఫోన్లలో తరచూ కనిపిస్తుంది. మంచిదే. కానీ అక్కడ పుట్టిన బిడ్డ ఎన్నేళ్లు బతుకుతుంది, ఎంతవరకు చదువుకుంటుంది అన్నది ఆ నంబర్ చెప్పదు. అందుకే 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్, మన అమర్త్య సేన్ సాయంతో, ఐక్యరాజ్యసమితి తరఫున ఇంకో కొలత తెచ్చారు. అదే మానవాభివృద్ధి సూచీ, హెచ్‌డీఐ. ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం, ఈ మూడూ కలిపి 0 నుంచి 1 లోపు మార్కు వేస్తారు.

ఇప్పుడు రెండు దేశాలు చూద్దాం. ఒకటి శ్రీలంక. రెండోది ఆఫ్రికా పశ్చిమ తీరంలో ఉన్న చిన్న దేశం, ఈక్వటోరియల్ గినీ. ధరల తేడాలు సర్ది చూస్తే, 2022లో రెండింటి తలసరి ఆదాయం దాదాపు ఒకటే. మరి ఆయుర్దాయం? శ్రీలంకలో 76 ఏళ్లు దాటింది. ఈక్వటోరియల్ గినీలో 61 ఏళ్లే. హెచ్‌డీఐ మార్కులు 0.78, 0.65.

ఆ 15 ఏళ్లు ఎక్కడికి పోయాయి?

శ్రీలంక స్వాతంత్ర్యం రాకముందే, 1940ల్లోనే, ఉచిత విద్య మొదలుపెట్టింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. అమ్మాయిలు చదువుకున్నారు, కాన్పులో తల్లుల మరణాలు బాగా తగ్గాయి. ఇదంతా దేశం పేదగా ఉన్నప్పుడే జరిగింది.

ఈక్వటోరియల్ గినీలో 1990ల మధ్యలో ఆయిల్ పడింది, ఆదాయం అమాంతం పెరిగింది. కానీ 1979 నుంచి అధ్యక్షుడు ఒక్కరే, టియోడోరో ఒబియాంగ్. ఉపాధ్యక్షుడైన ఆయన కొడుకు ప్రజల సొమ్ము కాజేసి ఫ్రాన్స్‌లో భవనం, ఖరీదైన కార్లు కొన్నాడని 2017లో ప్యారిస్ కోర్టు తేల్చింది. తలసరి అంటే సగటే కదా! పదిమంది ఉన్న గదిలోకి ఒక కోటీశ్వరుడు వస్తే సగటు పెరుగుతుంది, మిగతావాళ్ల జేబులో పైసా పెరగదు.

ఇంకో పాయింట్. హెచ్‌డీఐ ఫార్ములాలో ఆదాయానికి లాగరిథమ్ వాడతారు. అంటే వెయ్యి డాలర్ల నుంచి 2 వేలకు వెళ్తే ఎంత లాభమో, 10 వేల నుంచి 20 వేలకు వెళ్తేనూ అంతే. ఆకలి మీద తిన్న మొదటి ముద్దకున్న విలువ పదో ముద్దకు ఉండదు కదా.

అలాగని డబ్బు అక్కర్లేదా? కావాలి. అదే 2022లో శ్రీలంక దగ్గర డాలర్లు అయిపోయాయి. పెట్రోల్‌కు పెద్ద క్యూలు, ఆసుపత్రుల్లో మందుల కొరత. బడి నడవాలన్నా, ఆసుపత్రి నడవాలన్నా ఆదాయం ఉండాల్సిందే.

మరి మనం? 2022లో సుమారు 7 వేల డాలర్ల ఆదాయంతోనే మన మార్కు 0.644గా, ఆయుర్దాయం 67 ఏళ్లుగా ఉండేవి. ఆదాయం తక్కువైనా ఈక్వటోరియల్ గినీ కన్నా మన ఆయుర్దాయం ఎక్కువే. కానీ శ్రీలంక వాళ్లంత కాదు.

కాబట్టి ఈసారి జీడీపీ వార్త చూస్తే ఒక్క ప్రశ్న వేయండి: ఆ డబ్బు బడికి వెళ్లిందా, ఆసుపత్రికి వెళ్లిందా, ఎవరి గ్యారేజీకైనా వెళ్లిందా? నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.