ఎత్తు ఎటుందో తెలిసిన పిల్లలు

2011 మార్చి 11. జపాన్ ఈశాన్య తీరంలోని కమైషి పట్టణం. మధ్యాహ్నం మూడు కావస్తుండగా నేల ఊగింది. కుదుపు ఆగీ ఆగగానే మిడిల్ స్కూలు పిల్లలు గేటు దాటి పరుగందుకున్నారు. పక్కనున్న ప్రాథమిక పాఠశాలలో అప్పుడే పిల్లల్ని మూడో అంతస్తుకు ఎక్కిస్తున్నారు. పెద్ద పిల్లల పరుగు చూసి వాళ్లూ కిందికి దిగి వెంట నడిచారు. ముందే అనుకున్న చోటికి చేరాక, వెనకున్న కొండచరియ విరిగిపడుతుండటం కనిపించింది. ఇక్కడ ఉండొద్దని ఇంకా పైకి కదిలారు. అక్కడా ఆగలేదు, మరింత పైకి వెళ్లారు. దారి పొడవునా పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు వదల్లేదు. కాసేపటికే రెండు బడులనూ సునామీ ముంచేసింది. అలా పరుగెత్తిన సుమారు ఆరు వందల మంది పిల్లలూ బతికారు.

దీన్ని అదృష్టం అనడానికి నాకు మనసొప్పదు. గున్మా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ తొషితక కతద ఆ ఊరి బడుల్లో ఏళ్ల తరబడి చెప్పిన పాఠం అది. ముందస్తు అంచనాలను గుడ్డిగా నమ్మొద్దు. ఆ క్షణంలో చేయగలిగినదంతా చెయ్యి. అందరికంటే ముందు నువ్వు కదులు. అధికారుల ప్రమాద పటంలో ఆ రెండు బడులూ ముంపు గీతకు బయటే ఉన్నాయి. పిల్లలు పటాన్ని కాక పాఠాన్ని నమ్మారు.

అదే రోజు, అదే తీరంలో ఇషినొమాకి నగరానికి చెందిన ఒకావా ప్రాథమిక పాఠశాల కథ వేరు. వెనకే కొండ ఉన్నా, ఎటు వెళ్లాలో తేలక పిల్లల్ని చాలాసేపు ఆవరణలోనే ఉంచారు. 74 మంది పిల్లలు, 10 మంది బడి సిబ్బంది మరణించారు.

మన దివిసీమ

జపాన్‌కు సునామీ ఎలాగో మనకు ఉప్పెన అలాగ; ఆ మాటకు మనకు నిఘంటువు అక్కర్లేదు. 1977 నవంబరు 19న చీరాల ప్రాంతంలో తుపాను తీరం దాటితే, ఉప్పెన వచ్చి దివిసీమ మీద పడింది. అధికారిక లెక్కల్లోనే మృతులు పది వేలకు అటూ ఇటూ. చీరాల దగ్గర దాటిన తుపాను దివిసీమలోని నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లను ఎందుకు ముంచింది? ఏడో తరగతి పిల్లలకు ఇంతకంటే మంచి ప్రశ్న ఇవ్వలేం.

జవాబు ఒక ట్రేలో దొరుకుతుంది. ఒక అంచున తడి ఇసుకతో వాలు కట్టి, మిగతా భాగంలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోయండి. ఎదుటి అంచు నుంచి అట్టముక్కతో గట్టిగా విసరమనండి. నీరు వాలు మీదికి పాకుతుంది. ఆ తర్వాత రాష్ట్ర పటం ముందు పెట్టండి. మన అర్ధగోళంలో తుపాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకే అది వెళ్లే దారికి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. చీరాల మీద వేలుపెట్టిన పిల్ల, కుడివైపుకు జరిపితే దివిసీమ తగులుతుంది. తుపాను కన్ను దాటేటప్పుడు గాలి ఆగిపోతుందనీ, వెలిసిందనుకుని బయటికొచ్చిన వాళ్లను రెండోసారి ఎదురు దిక్కు నుంచి కొడుతుందనీ అప్పుడే చెప్పాలి. చేత్తో చేసి చూశాక విన్నమాట మరుపుకు రాదు.

ఉప్పెనకు ట్రే ఉన్నట్టే, పిడుగు గురించి చెప్పడానికి మన ఇళ్లలోనే ఒక దారి ఉంది. ఉరిమితే "అర్జునా, ఫల్గుణా" అనుకోమని అమ్మమ్మలు నేర్పారు. ఆ అలవాటు పక్కనే ఒక లెక్క కూడా నేర్పుదాం. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా ఎన్ని సెకన్లో లెక్కపెట్టి, మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపే ఉరుము వినిపించిందంటే పొలంలో ఉండకూడదు, తాటిచెట్టు కింద అసలు నిలబడకూడదు. పిల్లలు ఈ మాట ఇంటికి మోసుకెళతారు. గొర్రెలు తోలుకెళ్లే తాతకూ, నాట్లకు వెళ్లే అమ్మకూ చెబుతారు.

ఇన్ని చెప్పే వీలుండగా, 2022లో పాఠాల భారం తగ్గిస్తూ ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి సైన్సు నుంచి గాలులు, తుపానుల అధ్యాయాన్ని తీసేసింది. ఇంత పొడవు తీరమున్న దేశంలో అది సరైన నిర్ణయం కాదు. అయినా, పుస్తకంలో లేదని బడిలో చెప్పకూడదని ఎవరూ అనలేదు. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అని వార్తల్లో వరసగా వినే మాటలకు తేడా గాలి వేగంలోనే ఉంది. గంటకు 62 కిలోమీటర్లకు చేరితే అది తుపాను. ఇది చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు.

మాస్టార్లకూ, టీచరమ్మలకూ ఒక విన్నపం. ఈ వర్షాకాలం లోపల ఒక్క పీరియడు తరగతి గది బయట గడపండి. బడి నుంచి తుపాను షెల్టరు దాకా పిల్లలతో నడవండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, దారిలో కాలువ ఎక్కడ అడ్డొచ్చిందో, నడవలేని ముసలివాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో వాళ్ల చేతే రాయించండి. అమ్మానాన్నలూ, మీరు ఆ కాగితాన్ని ఇంటి తలుపు వెనక అంటించండి.