పదియవ యవస్థ: విప్రలంభము - చలనచిత్రము

ప్రేమ యనగా మనుష్యుని సర్వస్వమును దహించు నుద్వేగమని చెప్పుట మన పాటలలోను, చలనచిత్రములలోను, దూరదర్శన ధారావాహికలలోను పరిపాటి యైనది. ఇది సినిమా కల్పించిన వింత యని కొందఱు తలంతురు. కాని ఆలంకారికు లీ యుద్వేగమును ఏనాడో గుర్తించి, దాని కొక క్రమమును, ఒక మేరను నిర్ణయించిరి. ఆ మేరను జనరంజక కళలు ఎచ్చట పాటించినవో, ఎచ్చట దాటినవో పరిశీలించుట మా యుద్దేశము.

సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు అభిలాష, చింత, స్మృతి, గుణకథనము, ఉద్వేగము, సంప్రలాపము, ఉన్మాదము, వ్యాధి, జడత, మృతి యని పది కామదశలను పేర్కొనెను. అందు చివరిదానిని మాత్రము, రసవిచ్ఛేదహేతు వగుటచే, వర్ణింపరాదనెను. మరణము సమీపించినట్లుగాని, మనసున కోరబడినట్లుగాని, మృతుడు త్వరలోనే పునర్జీవితుడైనట్లుగాని చెప్పవచ్చును. 1951లో వెలువడిన బి.యన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' ఈ మేరలోనిది. రాణివాసమున ప్రవేశించిన నాయకునకు ప్రాణాపాయము వాటిల్లును. రాయల క్షమచే నది తొలగిపోవును. కృష్ణశాస్త్రిగారి గీతములందలి విరహము పునస్సమాగమముతో సార్థక మగును.

రెండేండ్లకు, 1953లో, వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున వచ్చిన 'దేవదాసు' ఈ మేరను దాటినది. 1917లో ప్రకటితమైన శరత్ నవల దానికి మూలము. పార్వతి యత్తవారింటి ముంగిట దేవదాసు మరణించును. సమాగమాశ నశించినప్పుడు రతి శోకమగును. శృంగారము కరుణమునకు చోటిచ్చును. కావున 'దేవదాసు' శృంగారచిత్రము కాదు, కరుణరసచిత్రమని మా యభిప్రాయము. ఆ శోకమునకు మూలము ప్రేమాతిశయము మాత్రమే కాదు. వంశప్రతిష్ఠ యెదుట నాయకుడు చూపిన నిశ్చయరాహిత్యము గూడ.

లోకము ఈ రెండవ కారణమును మఱచినది. విఫలప్రేమికుని నేడు 'దేవదాసు' అందురు. విశేషనామము సామాన్యనామ మైనది. దుఃఖము నడచుకొని, సవతి బిడ్డలను సాకి, సంసారమును దిద్దిన పార్వతి పేరు మాత్రము అట్లు కాలేదు. ప్రేమలో నశించుట కీర్తియైనది. ప్రేమ చెడినను జీవించుట కథ కాకపోయినది.

ధారావాహికల తీరు వేఱు. ఏండ్ల తరబడి సాగవలసిన కథకు మరణమును, సమాగమమును రెండును ప్రతిబంధకములే. అందుచే అపార్థము, ఎడబాటు, మరల అపార్థము అను వరుసలో విప్రలంభమును సాగదీయుదురు. ఇచ్చట మేరను విధించునది రసము కాదు, ప్రసారావసరము.

ఇంతకంటె ముఖ్యమైన మేర మఱియొకటి కలదు. రతి యుభయనిష్ఠము కానిచో అది శృంగారాభాసమే యని విశ్వనాథుని మతము. ప్రవరునిపై వరూధిని గొన్న మోహమును రసాభాసముగా పాఠము చెప్పుట మనకు పరిచితమే. అచ్చట ప్రవరుడు నిరాకరించి వెడలిపోవును. ఆ నిరాకరణము నిరాకరణముగనే నిలుచును. మన చిత్రములు పెక్కింట నాయిక వలదనుచున్నను నాయకుడు వెంటాడును, పాట పాడును, తుదకామె సమ్మతించును. ఆమె నిరాకరణమును అంగీకారమునకు పూర్వరంగముగా చూపుటయే యిందలి దోషము. 2013 నాటి శిక్షాస్మృతి సవరణ, స్త్రీ యనిష్టమును తెలిపినను పదేపదే వెంబడించుటను నేరముగా నిర్ణయించినది. 2024 నుండి అమలగుచున్న భారతీయ న్యాయసంహితయు దానిని నిలిపినది. ఆలంకారికులు ఆభాసమన్నదానిని శాసనము అపరాధమనినది.

ఈ సూత్రములు పరీక్షాపత్రములకే పరిమితములని విద్యార్థులు భావించుట కద్దు. ఆ పాఠమును వారు సాయంకాలము చూచు చిత్రమునకు అన్వయించి చూపుట అధ్యాపకుల బాధ్యత. ప్రేమ యెంత తీవ్రమైనదని కాక, అది యుభయులదియా యని ముందుగా ప్రశ్నింప నేర్పవలెను. ఆ ప్రశ్న నేర్చిన విద్యార్థికి ఉన్మాదమునకును అనురాగమునకును గల భేదము, కావ్యమునందే కాక జీవితమునందును, తెలియగలదు.