వెయ్యి మంది పిల్లలు, ఒక లెక్క

రెండేళ్లు నిండిన మగపిల్లాడు ఆరోగ్యంగా ఎదిగితే 87 సెంటీమీటర్ల దగ్గర ఉంటాడు. 81 కూడా లేకపోతే గిడసబారినట్టు లెక్క. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఐదేళ్లలోపు పిల్లల్లో తమ వయసు గీతకు దిగువన ఉన్నవాళ్లు దేశంలో 35.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1.

కొలత ఈ సంగతి చెప్పేసరికే ఆలస్యమైపోతుంది. కడుపులో 270 రోజులు, పుట్టాక రెండేళ్లకు 730 రోజులు: ఈ వెయ్యి రోజుల్లో తగ్గిన ఎదుగుదలను తర్వాత పూడ్చడం చాలా కష్టం. ముందే పసిగట్టడానికి మెషీన్ లెర్నింగ్, అంటే పాత లెక్కలతో యంత్రానికి నేర్పే పద్ధతి, పనికొస్తుందా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

యంత్రం చూసేది ఏమిటి?

పుట్టినప్పుడు బిడ్డ బరువు 2.5 కిలోలకు తగ్గిందా? తల్లి ఎత్తు 145 సెంటీమీటర్ల లోపా? ఆమె ఎంతవరకు చదివింది? కాన్పుకూ కాన్పుకూ రెండేళ్ల ఎడం ఉందా? ఇంట్లో మరుగుదొడ్డి ఉందా? పాత సర్వేల్లో వేలమంది పిల్లల ఇలాంటి వివరాలను, వాళ్లలో ఎవరు గిడసబారారన్న సంగతిని కలిపి చూసి యంత్రం పోలికలు పట్టుకుంటుంది. కొత్తగా పుట్టిన బిడ్డకు ముప్పు ఎంతో అంచనా కడుతుంది.

మోసపుచ్చే శాతం

తెలంగాణ లెక్కన 1,000 మంది పిల్లల్ని తీసుకుందాం. గిడసబారేవాళ్లు 331 మంది, మిగతావాళ్లు 669. ‘ఎవరికీ ముప్పు లేదు’ అని కళ్లు మూసుకుని చెప్పే యంత్రం కూడా 66.9 శాతం సరిగ్గా చెప్పినట్టే. పట్టుకున్న బిడ్డ మాత్రం ఒక్కరూ లేరు!

ఇప్పుడు ముప్పున్నవాళ్లలో 70 శాతాన్నీ, లేనివాళ్లలో 70 శాతాన్నీ సరిగ్గా గుర్తించే యంత్రం ఉందనుకుందాం. 331లో 232 మంది దొరుకుతారు, 99 మంది జారిపోతారు. ముప్పు లేని 201 మంది కూడా ముప్పున్నవాళ్ల జాబితాకెక్కుతారు.

ఈ రెండు తప్పులూ సమానం కావు. అనవసరంగా జాబితాకెక్కిన బిడ్డ ఇంటికి అంగన్‌వాడీ టీచర్ కొన్నిసార్లు ఎక్కువ వెళ్తుంది, అంతే. జారిపోయిన బిడ్డకు మాత్రం ఆ వెయ్యి రోజులు తిరిగిరావు. కాబట్టి అనుమానం కాస్త ఎక్కువైనా సరే, జారిపోయేవాళ్లు తగ్గేలా యంత్రాన్ని సరిచేసుకోవాలి.

రెండు జాగ్రత్తలు

2015-16 సర్వేలో తెలంగాణ అంకె 28 శాతమే. నాలుగైదేళ్లలో పరిస్థితి ఇంత మారినచోట, పాత లెక్కలతో నేర్చిన యంత్రాన్ని కొత్త లెక్కలతో మళ్లీ పరీక్షించాలి. రెండోది, తల్లి చదువు ముప్పుకు గుర్తు మాత్రమే. ఆమెను నిందించడానికి అది కారణం కాదు.

జాబితా తయారైనంత మాత్రాన ఏ బిడ్డా ఎదగదు. పేరు పడిన ఇంటికి గుడ్డు, పాలు, అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం పిండి చేరాలి. నెలనెలా ఎవరో వెళ్లి బరువు, ఎత్తు చూడాలి. యంత్రం ఎంత శాతం కచ్చితమని ఎవరైనా చెప్పబోతే, మనం అడగాల్సింది ఒక్కటే: జారిపోయిన పిల్లలు ఎందరు?