పట్టాల పక్కన పసుపు పలక

బొమ్మరైలు అనగానే అందరి కళ్లూ ఇంజను మీదే ఉంటాయి. కానీ దానికి నిజం రైలు కళ తెచ్చేవి పట్టాల పక్కన నిలబడే చిన్న చిన్న బోర్డులేనండీ. వేసవి సెలవుల్లో మా అబ్బాయితో కలిసి అట్టముక్కలతో ఓ స్టేషను కట్టడం మొదలుపెట్టాక ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది.

ఖర్చేమీ లేదు. పాత శుభలేఖ అట్ట, చీపురుపుల్లలు, కాస్త పసుపు రంగు చాలు. స్టేషను పేరు నల్లక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో రాయాలి. అడుగున సముద్రమట్టానికి ఎంత ఎత్తో కూడా వేయాలి. బోర్డు మరీ కొత్తగా మెరిసిపోతుంటే పలచటి టీ డికాషన్ పూయండి. ఎండావానలు చూసినదానిలా తయారవుతుంది.

'టి/పి', 'టి/జి' అనే బోర్డులు చూసే ఉంటారు. పట్టాల పని జరిగేచోట రైలు నెమ్మదిగా పోవాలి కదా, అది దాటాక ఇవి వస్తాయి. మొదటిది ప్రయాణికుల బండికి, రెండోది గూడ్సుకి. ఆఖరి పెట్టె కూడా దాటేదాకా డ్రైవరు వేగం పెంచకూడదు. గూడ్సు పొడుగెక్కువ కాబట్టి దాని బోర్డు ఇంకాస్త దూరంలో ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది 'డబ్ల్యూ/ఎల్' పలక. హిందీలో 'సీ/ఫా' అని ఉంటుంది. సీటీ అంటే కూత, ఫాటక్ అంటే గేటు. ముందు గేటుంది, కూత వెయ్యి అని డ్రైవరుకి చెప్పడమన్నమాట. సాధారణంగా గేటుకి 600 మీటర్ల ముందు పాతుతారు. బొమ్మరైళ్లలో బాగా వాడుకలో ఉన్న హెచ్ఓ కొలతలో అన్నీ అసలులో 87వ వంతు. ఆ లెక్కన మా పలక గేటుకి దాదాపు 7 మీటర్ల దూరంలో, అంటే హాలు దాటి వీధిగుమ్మంలో ఉండాలి! చోటు లేక దగ్గరికి జరిపాం గానీ, లెక్క మాత్రం వాడి చేతే కట్టించాను.

ఇంకో లెక్క కూడా వేయించాను. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలుకి ఆ 600 మీటర్లు దాటడానికి 22 సెకన్లు కూడా పట్టవు. కూత వినబడ్డాక మనకుండే వ్యవధి అంతే.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో, కాపలా లేని లెవెల్ క్రాసింగ్ దగ్గర స్కూలు బస్సుని రైలు ఢీకొంది. ఎందరో తల్లులకి కడుపుకోత మిగిలింది. 2019 జనవరికల్లా బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులన్నీ తీసేశారు. అయినా వేసిన గేటు కిందనుంచి స్కూటరు వంచి దూరేవాళ్లు ఇంకా ఉన్నారు. వెనకసీట్లో కూచునేది మనమూ, మన పిల్లలే.

పిల్లలతో రైలు కడితే ఇంజనుకంటే ముందు ఆ పసుపు పలక నిలబెట్టించండి. 22 సెకన్లంటే ఎంతో పైకి లెక్కపెట్టించండి.