చలి ఇంటిని అద్దెకిస్తే బిల్లు ఎవరిది?

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇల్లు అద్దెకివ్వాలంటే ఇంధన సామర్థ్య ధ్రువపత్రంలో కనీసం ‘ఇ’ శ్రేణి తప్పనిసరి. ‘ఎ’ అత్యుత్తమం, ‘జి’ అధమం. 2018 ఏప్రిల్ 1న కొత్త ఒప్పందాలతో మొదలైన ఈ నిబంధన, 2020 ఏప్రిల్ 1 నుంచి కొనసాగుతున్న అద్దెలకూ వర్తిస్తోంది. ఉల్లంఘిస్తే జరిమానా.

అయితే మెరుగుదల పనులపై యజమాని వెచ్చించాల్సిన గరిష్ఠ పరిమితి 3,500 పౌండ్లే. అంత ఖర్చు చేసినా ‘ఇ’ రాకపోతే, మినహాయింపు నమోదు చేసుకుని అయిదేళ్లపాటు అదే ఇంటిని అద్దెకివ్వవచ్చు. అసలు చిక్కు ఇక్కడే: గోడల గుండా పోయే వేడికి మూల్యం సాధారణంగా అద్దెదారే చెల్లిస్తాడు.

ధ్రువపత్రం పదేళ్లు చెల్లుతుంది. పోస్ట్‌కోడ్‌తో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. చదువుకు వెళ్లే తెలుగు విద్యార్థులకు అడ్వాన్సు చెల్లించకముందే ఆ అవకాశం ఉంది. ఒక్క గదినే తీసుకుంటే మాత్రం దానికి విడిగా ధ్రువపత్రం అవసరం లేదు.