ఇంజిన్ పెట్టెలో ఎవరెవరు?

అండమాన్‌లోని చాథం రేవు నుంచి బాంబూఫ్లాట్‌కి మనుషులతోపాటు కార్లూ ఫెర్రీలోనే దాటుతాయి. ఉప్పుగాలి వాటికి నిత్యం తగిలేదే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే నీరు పీల్చుకుని కరుగుతుంది. ఆ తడి కారు కంప్యూటర్‌లోకి, అంటే ఈసీయూలోకి చేరి పిన్నుల మధ్య పేరుకుంటే కరెంటు దారి తప్పుతుంది. పాడైన భాగానికి బదులు కొత్తది మెయిన్‌ల్యాండ్ నుంచి తెప్పించాలంటే, పోయిందేదో ముందు తేలాలి.

ఈ పెట్టె కథ 1967లో ఊపందుకుంది. ఆ ఏడాది బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్‌గా పెట్రోలు చిమ్మే డీ-జెట్రానిక్ పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో పెట్టింది. అందులో ప్రాసెసర్ లేదు. ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడిని బట్టి ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో ట్రాన్సిస్టర్ల సర్క్యూటే తేల్చేది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐతో వచ్చిన మోట్రానిక్ పెట్రోలునీ స్పార్క్‌నీ ఒకే డిజిటల్ కంప్యూటర్ చేతికిచ్చింది. 1986లో బాష్ క్యాన్ బస్‌ని ప్రకటించాక పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోసాగాయి. మన దేశంలో 2000 నుంచి పొగ నిబంధనలు బిగిసేకొద్దీ కార్లలో కార్బురేటర్ కనుమరుగైంది.

ఈసీయూ మూత తీయగానే భాగాల మీది అక్షరాలు చదవబోతాం. అవి కొంతే చెబుతాయి. రెసిస్టర్ మీద 103 అని ఉంటే 10 పక్కన మూడు సున్నాలు, అంటే 10,000 ఓమ్‌లు. చిన్న సిరామిక్ కెపాసిటర్ల మీద మామూలుగా ఏమీ ఉండదు. కొన్ని ఐసీల మీద కంపెనీ సొంత నంబరు తప్ప మరేదీ కనిపించదు. వాటి డేటాషీట్ బయట దొరకదు. అప్పుడు మల్టీమీటర్ పట్టుకుని కనెక్టర్ పిన్నుల నుంచి లోపలికి నడవాలి.

బ్యాటరీ పిన్ను వెంట వెళితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, 5 వోల్టులిచ్చే రెగ్యులేటర్ వస్తాయి. ఇంజెక్టర్ పిన్ను స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ దగ్గరికో డ్రైవర్ ఐసీ దగ్గరికో చేరుస్తుంది. సాధారణ పెట్రోలు కారులో ఇంజెక్టర్‌కి ఒకవైపు 12 వోల్టులు ముందే ఉంటాయి. రెండోవైపు ఎర్త్ కలపడమే ఆ మాస్‌ఫెట్ లేదా డ్రైవర్ ఐసీ పని. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే, సిలిండర్‌కి ఒక విడత చొప్పున చూసినా, సెకనుకి 100 సార్లు ఈ పని జరగాలి. ఇగ్నిషన్ కాయిల్ దారిలో ఐజీబీటీ అనే మరో రకం స్విచ్ ఉంటుంది. కాయిల్‌లో కరెంటు ఆగిన క్షణంలో ఎగిసే వందల వోల్టులను తట్టుకోవాలి గనక అది గట్టిది. కొన్ని కార్లలో అది కాయిల్‌లోనే ఇమిడి ఉంటుంది. మెలిపెట్టిన జంట తీగల పిన్నులు చాలాసార్లు ఎనిమిది కాళ్ళ క్యాన్ ఐసీకి చేరతాయి. ఎనిమిది కాళ్ళ మరో ఐసీ ప్రాసెసర్‌కి మాత్రమే అతుక్కుని ఉంటే సమాచారం దాచే ఈఈప్రామ్ అనుకోవచ్చు.

ఈ గుర్తింపు మీదే మరమ్మతు ఆధారపడుతుంది. మాస్‌ఫెట్ ఒక్కటే పోతే చిన్న పొట్లంలో తెప్పించి టంకం వేస్తే సరిపోతుంది. కానీ చాలా కార్లలో తాళంచెవిని గుర్తుపట్టే సమాచారం ఈఈప్రామ్‌లోనో ప్రాసెసర్‌లోనో ఉంటుంది. అది చెడితే అదే మోడల్ పెట్టె ఇంకొకటి బిగించినా, ఆ తాళంచెవితో జతచేసేదాకా బండి కదలదు.