పాత విమానమునకు వయస్సు ఎంత?

యంత్రములు పాతబడిన కొలది వాడుక నుండి తొలగిపోవుట సహజము. కాని కొన్ని చిన్న విమానములు ఈ నియమమునకు లొంగలేదు. ఇంగ్లండులో డిహావిలాండ్ కంపెనీ రూపొందించిన టైగర్ మాత్ అట్టి వానిలో ఒకటి. ఇది 1931 అక్టోబరు 26న మొదటిసారి ఎగిరినది. తరువాత ఎనిమిది వేలకు పైగా తయారైనవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వేలకొలది యువకులు విమానము నడుపుట దీనిపైననే నేర్చుకొనిరి. హైదరాబాదులోని బేగంపేటలో కూడ ఇవి శిక్షణకు ఉపయోగపడినవి. యుద్ధము ముగిసిన పిమ్మట వీనిలో చాలవాటిని క్లబ్బులును, వ్యక్తులును కొనుక్కొనిరి. నేటికిని బ్రిటను, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో వీనిని సొంతముగా ఉంచుకొని ఎగురువారు ఉన్నారు. ఇన్ని దశాబ్దముల తరువాత కూడ ఇవి క్షేమముగా ఎగురుట ఎట్లు సాధ్యము?

నిర్మాణము

టైగర్ మాత్‌కు ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు కలవు. రెక్కల లోపలి చట్రము కలపతోను, మొండెము చట్రము ఉక్కు గొట్టములతోను చేయబడినవి. వీనిపై గుడ్డ కప్పి, దానికి డోప్ అను ద్రవమును పూయుదురు. అది ఆరినపుడు గుడ్డ ముడుచుకొని మద్దెల తోలువలె బిగియును. నాలుగు సిలిండర్ల ఇంజను శక్తి 130 అశ్వబలములు. పెట్రోలు తొట్టి పై రెక్క నడుమ ఉన్నందున, పంపు అవసరము లేకుండ ఇంధనము తన బరువుచేతనే ఇంజనునకు దిగును.

మొదట తయారైన రూపములో దీనికి బ్రేకులు లేవు. ఇంజనును తిప్పుటకు మోటారును లేదు. చక్రములకు అడ్డు దిమ్మలు పెట్టి, ఒకరు పంఖాను చేతితో త్రిప్పవలెను. చోదకుడు ఒంటరిగా పోవునపుడు వెనుక సీటులో కూర్చుండును. ముందు సీటు గురుత్వ కేంద్రమునకు దగ్గరగా ఉండుటచే అది ఖాళీగా ఉన్నను విమానపు తూకము అంతగా చెడదు.

కనబడని శత్రువులు

ఎండలోని అతినీలలోహిత కిరణములు గుడ్డను క్రమముగా బలహీనపరచును. తేమ రెక్కలలోనికి చేరినచో జిగురు పట్టు వదలును, కలప పుచ్చును. పైకి నిగనిగలాడు రెక్క లోపల చెడి ఉండవచ్చును. అందుచే కొంతకాలమునకు గుడ్డను విప్పి, చట్రమును పరీక్షించి, మరల కొత్త గుడ్డ కప్పుదురు.

ఉక్కునకు మరియొక శత్రువు కలదు. ఇనుప తీగను ఒకసారి వంచినచో విరుగదు. అటునిటు పలుమార్లు వంచినచో విరుగును. బలము మార్చి మార్చి పడుటచే లోహములో సన్నని బీట పుట్టి పెరుగును. దీనినే లోహపు అలసట అందురు. మరచుట్లు కోసిన చోట ఒత్తిడి ఒక్కచోటికి చేరును గనుక బీట అక్కడ సులభముగా మొదలగును.

2013 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని దక్షిణ స్ట్రాడ్‌బ్రోక్ దీవి వద్ద ఒక టైగర్ మాత్ రెక్కలు ఆకాశముననే విరిగి, విమానము సముద్రములో పడి ఇద్దరు మరణించిరి. క్రింది రెక్కలను మొండెముతో కలుపు రెండు ఉక్కు కడ్డీలును మరచుట్ల వద్ద అలసట బీటలచే తెగినవని విచారణలో తేలినది. ఆ కడ్డీలు మొదటి తయారీవి కావు, తరువాత అమర్చినవి. వానికి నిర్ణయించిన ఆయువు 2,000 గంటలు. అది పూర్తి కాకముందే అవి తెగినవి.

యజమాని బాధ్యత

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమగుచున్నది. విమానమునకు ఒకే వయస్సు లేదు. ప్రతి భాగమునకును దాని వయస్సు దానికే కలదు. నిన్న కప్పిన గుడ్డ, పదేండ్ల క్రితము మార్చిన కడ్డీ, మొదటినాటి ఉక్కు చట్రము ఒకే విమానములో కలిసి ఎగురుచుండును. కనుక ఏ భాగము ఎవరు చేసినది, ఎన్నడు అమర్చినది, ఎన్ని గంటలు ఎగిరినది అను వివరములను లాగ్ పుస్తకములో తప్పక వ్రాయుదురు. గడువు తీరిన భాగము చూపునకు బాగుగా ఉన్నను తీసివేయుదురు. గడువు తీరని దానిని కూడ పరీక్షింపక విడువరు.

భారత వాయుసేన కూడ ఒక టైగర్ మాత్‌ను బాగుచేయించి 2012లో వాయుసేన దినోత్సవమున ఎగురవేసినది. ఇట్టి విమానము ఆకాశమున కొన్ని నిమిషములు కనబడుటకు వెనుక, నేలపై ఎన్నో గంటల ఓర్పుగల పరీక్ష ఉన్నదని విద్యార్థులు గ్రహింపవలెను.